రెండో మనిషి

జూన్ 9

తమ్ముడికి,

ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. మీ బావ నవ్వుతున్నారు. "ఉత్తరమేంటి? వాడు ఆరుగంటల బస్సు దూరంలో ఉన్నాడు, పోయిన శతాబ్దంలో లేడు" అంటున్నారు. నవ్వుకోనీ. నీ మొండితనం ఆయనకేం తెలుసు? చిన్నప్పుడు పలక విరగ్గొట్టావని ఒక్క మాట అన్నందుకు రెండు రోజులు మంచం కింద కూర్చున్న ఘనుడివి. అన్నం పళ్ళెం కూడా కిందికే తోసేదాన్ని.

చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయావు. పదకొండు రోజులైంది. గోడౌన్లో పని ఎలా ఉంది? ఆ మేనేజరు మీ బావకి చిన్ననాటి స్నేహితుడు. మనిషి మంచివాడేనట, నోరే కాస్త దురుసట. నీ గదిలోకి వెలుతురు వస్తుందా? కొన్నాళ్ళు దూరంగా ఉంటే అన్నీ సర్దుకుంటాయి. నీ మంచికే చేశానని ఎప్పటికైనా నీకు తెలుస్తుంది.

ఇక మన పిల్లల సెంటరు సంగతులు. వద్దన్నా రాస్తాను, ఆరేళ్ళు నాతోపాటు నువ్వూ మోసిన బరువే కదా. యాభై రెండు మంది పిల్లల్లో ఒక్కరూ మానలేదు. ఆ గొడవ లేచినప్పుడు సగం గదులు ఖాళీ అవుతాయనుకున్నాను. పోయిన శుక్రవారం తల్లిదండ్రుల మీటింగు పెట్టి, "అతనికి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఎవరూ మారు ప్రశ్న వెయ్యలేదు. వచ్చిన తండ్రుల్లో వకీలుగారు గుమ్మం దాటుతూ "చాలా హుందాగా నడిపించారు మేడమ్" అన్నారు. పామూ చావలేదు, కర్రా విరగలేదు.

నీ గదికి కొత్త టీచరు వచ్చింది. డిగ్రీ ఉంది, డిప్లొమా ఉంది, ఓపిక ఒక్కటే ఇంకా చేతికి రాలేదు. రెండేళ్ళ పిల్లల గదంటే ఏమిటో ఇప్పుడిప్పుడే తెలిసొస్తోంది పాపం. మన కప్పపిల్ల ఉన్నాడు చూడు, మధ్యాహ్నం పడుకోవడం మానేశాడు. వాడు ఒక పరుపు మీంచి ఇంకో పరుపు మీదికి గెంతుతుంటే మిగతా పదమూడు మందీ లేచి కూర్చుంటున్నారు. నువ్వు వాణ్ణెలా పడుకోబెట్టేవాడివి? ఆయానడిగితే, "ఏమోనమ్మా, చిన్నసారు గదిలోకెళ్ళిన పది నిమిషాలకి సద్దుమణిగిపోయేది. అంతే నాకు తెలుసు" అంటోంది. కాస్త వివరంగా రాయి.

వంటామెకి మళ్ళీ మోకాళ్ళ నొప్పులు. పైన ట్యాంకు కారుతోంది. బుజ్జి నీ గురించి అడుగుతుంటే, మామయ్య పెద్ద పని మీద వెళ్ళాడని చెప్పాను. నాలుగేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం చెప్పను?

వేళకి తిను.

నీ అక్క


జూన్ 17

అక్కకి,

ఫోన్ ఎందుకు ఎత్తనంటే, నీ గొంతు వింటే నేను మళ్ళీ మంచం కింద పిల్లాణ్ణైపోతాను. కాగితం మీదైతే ముప్ఫై ఒక్కేళ్ళ మనిషిలా మాట్లాడగలను. కాబట్టి ఉత్తరాలే నయం.

ముందు కప్పపిల్ల సంగతి. వాడికి నిద్రంటే భయం లేదు. నిద్రపోతే ఇక్కడే ఉండిపోతానేమోనని భయం. వాడి బూట్లు గుమ్మం దగ్గర అరలో పెట్టకండి. పరుపు పక్కన, వాడు తల తిప్పితే కనబడేలా పెట్టండి. బూట్లు కనబడుతుంటే ఎప్పుడైనా ఇంటికి వెళ్ళిపోవచ్చని వాడికో ధీమా. తలదగ్గర కూర్చుని జోకొట్టొద్దు. వాడి వైపు వీపు పెట్టి కూర్చుని, తువ్వాళ్ళు మడతపెడుతూ ఉండమని చెప్పు. ఎవరూ తనని నిద్రపుచ్చడం లేదని నమ్మకం కుదిరాక వాడే పడుకుంటాడు. లేచేసరికి బూట్లు అక్కడే ఉండాలి. ఒక్కరోజు జరిపినా మళ్ళీ మొదటికొస్తుంది.

కిటికీ దగ్గర పడుకునే పాపకి ఎడమ చెవి సరిగ్గా వినబడదని నా అనుమానం. మార్చిలో రాసి నీ బల్ల మీద పెట్టాను. వాళ్ళమ్మకి చెప్పావా?

పాము చావలేదు, కర్ర విరగలేదన్నావు. అందులో నేను పామునా, కర్రనా?

ఇక్కడ గాజుసామాను పెట్టెలు దించడం, పేర్చడం, లెక్క రాయడం నా పని. పెట్టెలు ఏడవవు, కరవవు, ఒకదాని బొమ్మ ఇంకోటి లాక్కోదు. సాయంత్రం వాళ్ళమ్మ రాలేదని కిటికీకి అతుక్కుపోవు. మేనేజరు నోరు దురుసన్న మాట నిజమే. మొదటి రోజే "ఇంతకుముందు ఏం చేసేవాడివోయ్?" అని అడిగి, చెప్పాక పగలబడి నవ్వాడు. గోడౌన్లో అందరూ ఇప్పుడు నన్ను ఆయమ్మ అని పిలుస్తారు. నాకేం బాధ లేదు. అది మంచి పనే.

చెప్పాపెట్టకుండా వెళ్ళానని రాశావు. పొద్దున్న ఆరున్నరకి సంచీ భుజాన వేసుకుని మీ గది తలుపు దగ్గరికి వచ్చాను. బావ అడ్డంగా నిలబడి, "మీ అక్కకి తలనొప్పి, ఇప్పుడే కునుకు పట్టింది" అన్నాడు. బుజ్జిని చూసి వెళ్తానంటే అదీ నిద్రపోతోందన్నాడు. బావ నా మొహం కేసి చూడలేదు.

ఒక పని చేసిపెట్టు. ఆరేళ్ళు పనిచేసినట్టు ఒక అనుభవ పత్రం పంపు. సెంటరు కాగితం మీద, నీ సంతకంతో.

తమ్ముడు


జూన్ 28

తమ్ముడికి,

బూట్ల మంత్రం పారింది! నాలుగో రోజుకి కప్పపిల్ల గుర్రుపెట్టి నిద్రపోయాడు. కొత్త టీచరు అది తన సొంత ఆలోచనన్నట్టు ఫైల్లో రాసుకుంది. పోనీలే అని ఊరుకున్నాను. నడిపించేవాళ్ళకి ఎవరి పేరు ఎక్కడ పడిందన్నది ముఖ్యం కాదు, గది ప్రశాంతంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

చెవి పాప సంగతి వాళ్ళమ్మకి చెప్పాను. పరీక్ష చేయించారట, నీ అనుమానం నిజమే. "ఎంత శ్రద్ధగా గమనించారు మేడమ్" అంది ఆవిడ. నీ పేరు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆవిడా నీ మీద వచ్చిన ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టినామే. మళ్ళీ కెలకడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ రోజు నాకు తలనొప్పే. బావ మీద పడకు.

అనుభవ పత్రం ఎందుకు? గోడౌన్లో అడిగారా? లేక ఎవరైనా ప్లీడరు నీకు నూరిపోస్తున్నాడా? కోపంగా ఉంటే నన్ను తిట్టు, పడతాను. సెంటర్ని మాత్రం కోర్టుకీడ్చకు. ఇది పందొమ్మిదేళ్ళ కష్టం. తొమ్మిది మంది ఆడవాళ్ళు దీన్ని నమ్ముకుని బతుకుతున్నారు.

నేను చేసింది అన్యాయమని నీకనిపిస్తోంది. నా కుర్చీలో కూర్చుని చూడు. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదా? పిల్లాడు లాగులో దొడ్డికి వెళ్ళాడు. మిగతావాళ్ళు గుమ్మంలో గుమిగూడి నవ్వుతుంటే వాడు సిగ్గుతో గుక్కపట్టి ఏడ్చాడు. నువ్వు వాణ్ణి స్నానాలగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశావు. వాడి పరువు కాపాడదామనే వేశావు. కానీ వాళ్ళమ్మ ఆ రోజు గంట ముందుగా వచ్చింది. ఆవిడకి కనబడిందేమిటి? మూసిన తలుపు, లోపల ఏడుస్తున్న కొడుకు, వాడితో ఒక మగమనిషి. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నాలుగు రోజుల్లో పదకొండు సంతకాలు పోగయ్యాయి. "మేం ఏమీ అనడం లేదు మేడమ్, మాకెందుకో మనసొప్పడం లేదు" అన్నారు. నింద వేస్తే ఎదుర్కోవచ్చు. మనసొప్పడం లేదంటే ఏమని జవాబు చెప్పను?

పత్రం సంగతి కొన్నాళ్ళు ఆగు. వచ్చే నెల తనిఖీ ఉంది.

బుజ్జికి జలుబు. నువ్వు పాడే పాట మీ బావ పాడబోతే చెవులు మూసుకుంది.

అక్క


జులై 6

అక్కకి,

నాకు ఏ ప్లీడరూ నూరిపోయలేదు. నూరిపోస్తే నీ దగ్గర పత్రం అడగను, నా దగ్గరున్న రిజిస్టరు నకళ్ళే బయటపెడతాను. పెట్టనులే, కంగారుపడకు.

నేను చేరిన మొదటి వారం నువ్వు నేర్పిన మొదటి నియమం ఏమిటి? పిల్లల్ని కడిగేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. "రెండో మనిషి పిల్లల కోసమే కాదురా, నీ కోసం కూడా" అన్నావు. గుర్తుందా? ఫిబ్రవరిలో వంటామె మోకాళ్ళు పట్టేశాయని నా గదిలో ఆయాని వంటింటికి మార్చావు. నేను మూడుసార్లు రిజిస్టర్లో రాశాను. ఫిబ్రవరి ఇరవయ్యో, మార్చి పదకొండో, ఏప్రిల్ రెండో తేదీ. మూడోసారి నువ్వు దాని కిందే పెన్సిల్‌తో "ఈ నెల సర్దుకో" అని రాశావు.

మేలో ఆ తల్లి తలుపు తోసినప్పుడు నా పక్కన ఆయా ఉండుంటే ఒక్క సంతకమైనా పడేదా?

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే. మీటింగులో ఆ మాట వాళ్ళకి చెప్పావా? "రెండో మనిషిని తీసేసింది నేనే" అన్నావా? లేక మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడని చెప్పి కూర్చున్నావా? నేను మాట్లాడకుండా వెళ్ళిపోతే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టేనని నాకు అప్పుడే తెలుసు. అయినా నువ్వు వెళ్ళమన్నావని వెళ్ళాను.

ఇక ఒక మంచి కబురు. గోడౌన్‌కి రెండు వీధుల అవతల ఒక చిన్న పిల్లల సెంటరు ఉంది. ముప్ఫై మందే. అది నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి, మాట కరుకు, చెయ్యి మెత్తన. రెండేళ్ళ గదిలో మనిషి కావాలని గేటుకి కాగితం అంటించింది. నా సెలవు రోజున వెళ్ళి అడిగాను. "మగవాళ్ళు ఎవరూ రారు, నువ్వెందుకొచ్చావు?" అంది. నాకు ఈ పని వచ్చు కనక వచ్చానన్నాను. ఒక పూట ఉండి చూపించమంది.

అక్కా, నేల మీద కూర్చున్నాను. నెల దాటింది నేల మీద కూర్చుని. ఒక పిల్ల వచ్చి ఏమీ అడక్కుండా నా మోకాలి మీద తన బొమ్మని పడుకోబెట్టి వెళ్ళిపోయింది. నేను దాన్ని కదపకుండా ముప్పావుగంట కూర్చున్నాను. ఆవిడ గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉంది.

పత్రం లేకపోయినా పరవాలేదు, ఇంతకుముందు చేసినచోటికి ఫోన్ చేసి కనుక్కుంటాను అంది. నీ నంబరిచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పు చాలు.

తమ్ముడు


జులై 19

తమ్ముడికి,

ఈ పదిరోజులూ తల పైకెత్తలేదు. తనిఖీ అయ్యింది. ఇద్దరొచ్చారు, ఒకామె టేపు పెట్టి కిటికీల ఎత్తు కొలిచింది, ఇంకొకాయన ఇసుకగుంటలో చెయ్యి పెట్టి చూశాడు. డ్యూటీ చార్టు అడిగారు. ఆయాని జూన్‌లోనే మళ్ళీ గదికి మార్చేశానులే, ఇబ్బంది రాలేదు. నువ్వు రాసిన రిజిస్టరు నిండిపోయింది, కొత్తది మొదలుపెట్టాం. పాతది బీరువాలో ఉంది.

నువ్వడిగినదానికి జవాబు: లేదు, మీటింగులో ఆ మాట చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? "అయితే నాలుగు నెలలుగా మా పిల్లల గదిలో ఒక్కరే ఉన్నారా?" అని అందరూ లేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు ఒక్కడివి, ఎక్కడైనా బతగ్గలవు. సెంటరు ఎక్కడికి వెళ్తుంది?

నీ ముసలావిడ ఫోన్ చేసింది. నిజంగానే మాట కరుకు. నీ గురించి చాలా బాగా చెప్పాను. పిల్లలంటే ప్రాణమన్నాను, ఓపిక సముద్రమన్నాను, ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదన్నాను. కానీ ఒక్కటి మాత్రం చూసుకోండి, అతన్ని పిల్లలతో ఒక్కణ్ణీ ఉంచకండి, ఎప్పుడూ ఇంకొకరు తోడుండేలా చూడండి అన్నాను. నీకు మళ్ళీ అదే ఇబ్బంది రాకూడదని. రెండో మనిషి ఉండాలని నువ్వే కదా నొక్కినొక్కి రాశావు! ఆవిడ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత "మీకు అతను ఏమవుతాడు?" అంది. సొంత తమ్ముడన్నాను. "సరేనమ్మా" అని పెట్టేసింది. నచ్చినట్టే ఉంది. ఉద్యోగం వస్తే నాకే ముందు చెప్పాలి.

నీ ఉత్తరంలో కోపం చూసి బాధేసింది. నేను నిన్ను అనుమానించానని నీ మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. అది తీసెయ్యి. నాకు ఇసుమంత అనుమానం లేదు. నేను స్వయంగా కనుక్కున్నాను కూడా. కనుక్కున్నాకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ట్యాంకు బాగుచేయించాం. ఇప్పుడు కుళాయిలు కారుతున్నాయి.

అక్క


జులై 24

అక్కకి,

ఆవిడ నన్ను గేటు దగ్గరే ఆపింది. లోపలికి రమ్మనలేదు. "బాబూ, నువ్వు మంచివాడివో కాదో నాకు తెలీదు. పిల్లలతో ఒంటరిగా వదలొద్దని నీ సొంత అక్క చెప్పాక నేనెలా వదలను? నా తమ్ముడైతే నేనలా అంటానా?" అంది.

రెండో మనిషి గురించి చెబుదామనుకున్నాను. రోడ్డు మీద నిలబడి, గేటు ఊచల్లోంచి, ఏమని మొదలుపెట్టను?

స్వయంగా కనుక్కున్నానని రాశావు. ఎవర్ని అడిగావు?


ఆగస్టు 2

తమ్ముడూ,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది. చింపను.

బుజ్జిని అడిగాను.

సంతకాల కాగితం వచ్చిన సాయంత్రం దానికి స్నానం చేయిస్తున్నాను. ఆ కాగితం నా చెవిలో జోరీగలా ఉంది. "మామయ్య నిన్నెప్పుడైనా భయపెట్టాడా అమ్మా?" అన్నాను. లేదంది. మగ్గుతో నీళ్ళు ముంచి నా కాళ్ళ మీద పోస్తూ ఆడుకుంటోంది. "అమ్మకి చెప్పొద్దని ఏమైనా అన్నాడా?" లేదంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదంది. నాలుగోసారి దాని చేతిలో మగ్గు లాక్కుని, గడ్డం పట్టుకుని నా వైపు తిప్పి అడిగాను. నా మొహంలోకి కాసేపు చూసింది. "అవునమ్మా" అంది.

నా దగ్గరికొచ్చిన ప్రతి టీచరుకీ నేనే చెబుతాను, చిన్నపిల్లల్ని ఒకే ప్రశ్న రెండోసారి అడగొద్దని. అడిగితే మొదటి జవాబు తప్పనుకుంటారు, మనకి నచ్చే జవాబు వెతుకుతారని. పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి అదేమీ గుర్తు రాలేదు. ఆ "అవును" ఒక్కటే వినబడింది.

తమ్ముడూ, మూడు రోజులు నమ్మాను. నువ్వు పైగదిలోంచి మెట్లు దిగుతున్న చప్పుడు వింటే బుజ్జిని దగ్గరికి లాక్కున్నాను. నువ్వు అన్నం తింటూ ఏదో జోకు వేస్తే నవ్వాను కూడా. నవ్వుతూనే నిన్ను చూశాను, వీడా అని. మీ బావకి అసలు సంగతి చెప్పలేదు. పంపించెయ్యమని మాత్రం చెప్పాను. తల్లిదండ్రుల గొడవకి భయపడి పంపేశానని నువ్వనుకున్నావు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

తలనొప్పి లేదు. ఆ పొద్దున్న నేను తలుపు వెనకే ఉన్నాను. నీ గొంతు విని బుజ్జి లేచింది. మామయ్యా అని పిలవబోయింది. దాని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను. నువ్వు గేటు వేసిన చప్పుడు వినబడేదాకా తియ్యలేదు.

మర్నాడు అది బొమ్మకి స్నానం చేయిస్తోంది. "మామయ్య భయపెట్టాడా? చెప్పు. చెప్పు. చెప్పు" అని దబాయిస్తోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. తర్వాత బొమ్మ చెవిలో, "అవునను. అప్పుడు అమ్మ మగ్గు ఇచ్చేస్తుంది" అంది.

అప్పుడైనా నిన్ను వెనక్కి పిలవాల్సింది. బస్సెక్కి వచ్చి నీ కాళ్ళ మీద పడాల్సింది. కానీ అప్పటికి నువ్వు వెళ్ళిపోయావు. తర్వాత కొద్ది రోజుల్లోనే గదిలో కొత్త టీచరు చేరింది, తల్లిదండ్రులు చల్లబడ్డారు. ఇలా కూడా బాగానే ఉందనిపించింది. నిజం రాస్తున్నాను, బాగానే ఉందనిపించింది.

ఏదో ఒకటి రాయి. తిట్టు.

అక్క


ఆగస్టు 30

తమ్ముడూ,

నెల కావస్తోంది. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గోడౌన్‌కి మీ బావ ఫోన్ చేస్తే పనిలోకి వస్తున్నావని చెప్పారట. అది విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న శనివారం మళ్ళీ మీటింగు పెట్టాను. పాత రిజిస్టరు బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఆ మూడు తేదీలూ చదివాను. నా పెన్సిల్ రాత కూడా చదివాను. "రెండో మనిషిని తీసేసింది నేను. మూడుసార్లు అడిగినా వినలేదు. అతను ఏ తప్పూ చెయ్యలేదు. ఒక పిల్లాడి పరువు కాపాడదామని తలుపు వేశాడు, అంతే" అన్నాను. ఇక సెంటరు మూతపడినట్టే అనుకున్నాను.

ఏమైందో తెలుసా? చప్పట్లు కొట్టారు. వకీలుగారు లేచి, "తప్పుని ఇంత నిజాయితీగా ఒప్పుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారండీ?" అన్నారు. ఆ రోజు తలుపు తోసిన తల్లి నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెట్టుకుని, "అయినా మేడమ్, ఆయన లేకపోవడమే నయం లెండి. మాకూ మనశ్శాంతి, ఆయనకీ మనశ్శాంతి" అంది. అందరూ తలలూపారు. మర్నాడు ముగ్గురు కొత్త పిల్లల్ని చేర్పించారు. తనిఖీ నివేదిక కూడా వచ్చింది. నాయకత్వం అన్న గడిలో ఉత్తమం అని రాశారు. దాన్ని పటం కట్టించి గోడకి పెడదామంది కొత్త టీచరు. వద్దన్నాను.

బుజ్జి సంగతి వాళ్ళకి చెప్పలేదు. అది మన ఇంటి విషయం.

బుజ్జి గురించే రాయాలి. నువ్వు తప్ప ఎవరున్నారు నాకు అడగడానికి? ఈమధ్య మీ బావ దానికి బట్టలు తొడగబోతే, "నాన్నా, తలుపు తీసే ఉంచు" అంటోంది. ఆయన ఎత్తుకుంటే బిగుసుకుపోతోంది. ఆయన నా దగ్గరికొచ్చి, "నేనేం చేశానే?" అన్నారు. అప్పుడు చెప్పాను ఆయనకి అంతా. ఆయన నాతో మాట్లాడి ఆరు రోజులైంది.

పత్రం ఇందులో పెట్టాను. సెంటరు కమిటీతో కూడా మాట్లాడాను. నువ్వు తిరిగొస్తే ఆఫీసులో చోటిస్తామన్నారు. పిల్లల గదుల వైపు వెళ్ళనక్కర్లేదు, లెక్కలూ సామానూ చూసుకుంటే చాలు. నా కోసం రా.

నీ అక్క


సెప్టెంబరు 14

అక్కకి,

పత్రం అందింది. బాగా రాశావు. ఇంత బాగా ఫోన్లో చెప్పి ఉంటే సరిపోయేది.

నేను రాను. పిల్లల గదుల వైపు వెళ్ళనక్కర్లేని ఉద్యోగం నాకు ఇక్కడే ఉంది.

ముందు బుజ్జి సంగతి. అది నీ కోసం కాదు, దాని కోసం రాస్తున్నాను, కాబట్టి జాగ్రత్తగా చదువు. దాన్ని ఇంకేమీ అడగొద్దు. మామయ్య మంచివాడని కూడా చెప్పొద్దు, అదీ ఒక ప్రశ్నలాగే వినబడుతుంది దానికి. దాని ముందు ఏడవొద్దు. క్షమించమనొద్దు. తలుపు తియ్యమంటే బావని తియ్యమను, ఎందుకని అడగకుండా, మొహం మార్చకుండా. రోజూ తియ్యాలి. ఎత్తుకునే ముందు చేతులు చాచి ఆగమను. అది వస్తే ఎత్తుకోవాలి, రాకపోతే నవ్వి ఊరుకోవాలి. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఒకరోజు అదే తలుపు సంగతి మర్చిపోతుంది. ఆ రోజు ఇద్దరూ గమనించనట్టే ఉండండి. బావతో మాత్రం మాట్లాడు. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు.

నువ్వు మూడు రోజులు నమ్మినందుకు నాకు కోపం లేదు. నెల రోజులు కూర్చుని చూసుకున్నాను, లేదు. బిడ్డ నోట్లోంచి ఆ మాట వస్తే ఏ తల్లైనా నమ్ముతుంది. పొద్దున్నే సంచీతో నిలబడ్డవాడికి తలుపు తియ్యకపోవడం కూడా అర్థం చేసుకోగలను. నాలుగోరోజు నీకు నిజం తెలిసింది చూడు, అక్కడే నా లెక్క తేలడం లేదు. తెలిసి కూడా కప్పపిల్లని ఎలా పడుకోబెట్టాలని నాకు ఉత్తరం రాశావు. నేను విపులంగా జవాబు రాశాను.

చప్పట్ల సంగతి చదివి చాలాసేపు నవ్వాను. గోడౌన్లో వాళ్ళు ఏమైంది ఆయమ్మా అన్నారు. నా తప్పు లేదని అందరూ ఒప్పుకున్నారు, నేను లేకపోవడమే నయమని కూడా ఒప్పుకున్నారు. నీ తప్పని నువ్వు ఒప్పుకున్నావు, నీకు ఉత్తమం వచ్చింది. బుజ్జి సంగతి మన ఇంటి విషయమన్నావు. నేను ఏ ఇంటివాణ్ణో నాకు తెలీడం లేదు.

ఇక నాకు రాయకు. అలిగి అంటున్న మాట కాదిది, మంచం కింద కూర్చునే వయసు దాటిపోయింది. నీ ఉత్తరం వస్తే పిల్లల గురించి రాస్తావు, నేను జవాబు చెప్పకుండా ఉండలేను. అది మానుకోవాలి.

నిన్న సిటీబస్సులో నా పక్కన ఒకామె చంకలో పిల్లతో నిలబడింది. ఏడాదిన్నర ఉంటుంది పిల్లకి. టిక్కెట్టు తియ్యడానికి ఆమె సంచీలో చిల్లర వెతుక్కుంటోంది, బస్సు కుదుపులకి తూలిపోతోంది. పిల్ల నన్ను చూసి ఏమనుకుందో, రెండు చేతులూ చాచింది. "కాస్త పట్టుకోండి అన్నా, ఒక్క నిమిషం" అంది ఆమె.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నాకు పిల్లల్ని ఎత్తుకోవడం అలవాటు లేదండీ" అన్నాను.

ఆమె నమ్మింది.